పాత సర్వర్‌ని నాస్‌కి కలపడం ఎలా? మొదటి పరీక్ష నుంచి బ్యాకప్ తిరిగి తీసి చూసేదాకా

కొత్త నాస్ పెట్టాం, ఆఫీసులో అందరి కంప్యూటర్లలోనూ తెరుచుకుంటోంది, పాత సర్వర్‌లో మాత్రం తెరుచుకోవట్లేదు, ఏం చేయాలి? ఈ ప్రశ్న నన్ను అడగని నెల లేదు. నాస్ అంటే ఆఫీసు నెట్‌వర్క్‌కి తగిలించి అందరి ఫైళ్లూ దాచుకునే డిస్కుల పెట్టె. చాలామంది మొదట కేబుల్ మారుస్తారు, తర్వాత స్విచ్ మారుస్తారు. చివరికి విసుగొచ్చి నాస్‌లో కనిపించిన రక్షణ సెట్టింగులన్నీ తీసేస్తారు. దాంతో సర్వర్ కలుస్తుంది, నిజమే. కానీ ఒక్క పాత మెషిన్ కోసం ఆఫీసు మొత్తం డేటాకి తలుపు బార్లా తీసినట్టవుతుంది.

విండోస్ సర్వర్ 2003, 2008, 2008 ఆర్2 ఇంకా నడుపుతున్న చిన్న ఆఫీసుల కోసం ఇది రాస్తున్నాను. పాత లినక్స్ గురించి చివర్లో కొంచెం ఉంది. కమాండ్లనీ మెనూ పేర్లనీ పలికినట్టే తెలుగులో ఇచ్చాను, కీబోర్డు మీద మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. ఉదాహరణల్లో నాస్ అడ్రస్ 192.168.1.50 అనుకుందాం.

## 1. ముందు మీ సర్వర్ ఏ భాష మాట్లాడుతుందో తెలుసుకోండి

నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచుకోవడానికి విండోస్ వాడే పద్ధతి పేరు ఎస్ఎంబీ. దానికి తరాలున్నాయి. రెండు వైపులా కనీసం ఒక తరం కలిస్తేనే మాట కలుస్తుంది.

స్టార్ట్, రన్‌లోకి వెళ్లి విన్‌వర్ అని కొట్టండి. వచ్చిన పేరుని ఈ వరసల్లో చూసుకోండి.

- విండోస్ 2000, సర్వర్ 2003, 2003 ఆర్2: ఎస్ఎంబీ1 ఒక్కటే వచ్చు.
- సర్వర్ 2008: ఎస్ఎంబీ 2.0 దాకా వచ్చు.
- సర్వర్ 2008 ఆర్2: 2.1 దాకా.
- సర్వర్ 2012: 3.0 దాకా.

ఇప్పుడొచ్చే నాస్‌లు మామూలుగా ఎస్ఎంబీ1ని మూసేసి వస్తాయి. చాలా నాస్‌ల లోపల నడిచే సాంబా సాఫ్ట్‌వేర్ 2019లో వచ్చిన 4.11 నుంచి కనీస తరాన్ని 2కి పెంచింది. అందుకే 2008 ఉన్నవాళ్లకి పని తేలిక, 2003 ఉన్నవాళ్లకి వేరే దారి చూడాలి.

2008 వాళ్లకి కూడా ఒక చిక్కుంది. నాస్‌లో ఎన్‌క్రిప్షన్ (దారిలో ఎవరూ చదవలేకుండా డేటాని మార్చి పంపడం) తప్పనిసరి అని పెట్టి ఉంటే 2008, 2008 ఆర్2 రెండూ కలవవు. ఎస్ఎంబీలో ఎన్‌క్రిప్షన్ వచ్చిందే 3.0లో. ఆ సర్వర్ వాడే షేర్ (పంచుకున్న ఫోల్డర్) ఒక్కదానికి దాన్ని తప్పనిసరి నుంచి ఐచ్ఛికానికి మార్చండి. మిగతా షేర్ల జోలికి వెళ్లొద్దు.

## 2. దారి ఎంచుకోండి

ఏ దారి అన్నది రెండు ప్రశ్నల మీద ఆధారపడుతుంది. సర్వర్ ఏ తరంది? ఆ ఫైళ్లు సర్వర్ ఒక్కదానికేనా, మిగతా కంప్యూటర్లకీ నేరుగా కనిపించాలా?

దారి క: నేరుగా షేర్డ్ ఫోల్డర్. 2008, ఆపైన ఉన్నవాళ్లకి ఇదే. 4వ భాగానికి వెళ్లండి.

దారి చ: ఐస్కజీ. 2003 ఉన్నవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. ఇందులో నాస్ ఫోల్డర్‌ని ఇవ్వదు, ఒక ఖాళీ డిస్కుని ఇస్తుంది. సర్వర్ దాన్ని తన సొంత హార్డ్‌డిస్కులాగే ఫార్మాట్ చేసుకుని వాడుకుంటుంది. మధ్యలో ఎస్ఎంబీ ఉండదు కాబట్టి తరాల గొడవ లేదు, నాస్‌లో ఏ రక్షణా తీయనక్కర్లేదు. 5వ భాగం చూడండి.

దారి ట: ఎస్ఎంబీ1తో షేర్డ్ ఫోల్డర్. 2003లోంచి వెళ్లే ఫైళ్లు వేరే కంప్యూటర్లలో నేరుగా కనిపించి తీరాలి అన్నప్పుడే. దీనికి షరతులున్నాయి, 6వ భాగంలో చెప్పాను. అవి కుదరకపోతే ఈ దారి వద్దు.

## 3. సిద్ధం చేసుకోవడం

సగం సమస్యలు ఇక్కడే తీరిపోతాయి. ఈ భాగం దాటేసి ముందుకి వెళ్లినవాళ్లు సాయంత్రానికి మళ్లీ ఇక్కడికే వస్తారు.

డేటా కాపీ. ఏ సెట్టింగూ ముట్టుకోకముందు ముఖ్యమైన డేటాని ఒక యూఎస్‌బీ డిస్కులోకి తీయండి. పదిహేనేళ్ల హార్డ్‌డిస్కు ఏ రీస్టార్ట్‌కి లేవకుండా పోతుందో ఎవరూ చెప్పలేరు.

గడియారం. సర్వర్‌లో తేదీ, టైమ్, టైమ్ జోన్ చూడండి. పాత బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్లు వెనక్కి పోతుంది. డొమైన్‌లో, అంటే ఆఫీసు లాగిన్లన్నీ ఒకే సర్వర్ చూసుకునే ఏర్పాటులో, ఉన్న మెషిన్లకి మామూలుగా 5 నిమిషాల తేడా దాటితే లాగిన్ దెబ్బతింటుంది. డొమైన్ లేకపోయినా తేదీ తప్పితే బ్యాకప్ ఫైళ్ల వరస అంతా కలగాపులగం అవుతుంది. ఎక్కువ బోర్డుల్లో ఉండేది సీఆర్2032 బ్యాటరీ, చాలా చవక, ముందే మార్చేయండి.

అడ్రస్. నాస్‌కి స్థిరమైన ఐపీ అడ్రస్ ఇవ్వండి. రౌటర్ ఇచ్చే అడ్రస్ మీద వదిలేస్తే ఒకరోజు అది మారుతుంది, ఆ రాత్రి బ్యాకప్ ఆగుతుంది.

కేబుల్, స్పీడ్. సర్వర్‌లో నెట్‌వర్క్ కనెక్షన్ స్టేటస్ తెరిచి ఎంత చూపిస్తోందో చూడండి. 100 ఎంబీపీఎస్ అయితే సెకనుకి 11 ఎంబీ దాకా వెళ్తుంది. అంటే 500 జీబీ కాపీ అవడానికి 12 గంటల పైనే. గిగాబిట్ అయితే లెక్కప్రకారం గంటంపావు, కాకపోతే పాత డిస్కులు అంత వేగం ఇవ్వవు. గిగాబిట్‌కి కేబుల్‌లో నాలుగు జతల తీగలూ కావాలి. ఒక్క జత తెగినా 100కి పడిపోవచ్చు, ఒక్కోసారి అసలు కలవకపోవచ్చు.

పాత సర్వర్లలో ఇంకో జబ్బు ఉంటుంది. ఎప్పుడో ఎవరో నెట్‌వర్క్ కార్డుని 100 ఫుల్ డూప్లెక్స్ (పంపడం, అందుకోవడం రెండూ ఒకేసారి) అని బిగించేసి ఉంటారు. అవతల స్విచ్ ఆటోలో ఉంటుంది. కార్డు బేరం ఆడదు కాబట్టి స్విచ్ హాఫ్ డూప్లెక్స్‌కి (ఒకసారికి ఒకవైపే) దిగుతుంది. పింగ్ బాగానే వస్తుంది, చిన్న ఫైళ్లు వెళ్తాయి, పెద్ద ఫైలు మాత్రం పాకుతుంది. డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి స్పీడ్ అండ్ డూప్లెక్స్‌ని ఆటోకి మార్చండి.

యూపీఎస్. సర్వర్ ఒక్కటే యూపీఎస్ మీద ఉంటే చాలదు. నాస్, మధ్యలో ఉన్న స్విచ్ కూడా ఉండాలి. ఐస్కజీ వాడేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. స్విచ్‌కి కరెంటు పోతే నడుస్తున్న సర్వర్‌లోంచి హార్డ్‌డిస్కు ఊడబీకినట్టే.

నాస్‌లో యూజర్. సర్వర్ కోసం కొత్త యూజర్‌ని తయారుచేయండి, అడ్మిన్ పేరు వాడొద్దు. ఆ యూజర్‌కి ఒక్క షేర్ మీద మాత్రమే హక్కులు ఇవ్వండి. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండనివ్వండి కానీ శాతం గుర్తు, కొటేషన్ గుర్తులు, యాంపర్‌శాండ్ లేకుండా చూడండి. బ్యాచ్ ఫైల్లో అవి వేరే అర్థం తెచ్చుకుని పాస్‌వర్డ్‌ని పాడుచేస్తాయి.

స్నాప్‌షాట్. ఫైళ్లు ఆ క్షణానికి ఎలా ఉన్నాయో అలా నాస్ దాచిపెట్టే ప్రతి ఇది. నాస్‌లో ఈ సౌకర్యం ఉంటే ఆ షేర్‌కి రోజూ ఒక స్నాప్‌షాట్ పెట్టండి. పాత సర్వర్‌కి వైరస్ పట్టి ఫైళ్లు పాడైనా నిన్నటివి నాస్‌లో భద్రంగా ఉంటాయి.

సరిచూసుకోండి:

- [ ] డేటా యూఎస్‌బీ డిస్కులోకి తీశాను
- [ ] తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయి
- [ ] నాస్ అడ్రస్ స్థిరంగా ఉంది
- [ ] లింక్ స్పీడ్ చూశాను, డూప్లెక్స్ ఆటోలో ఉంది
- [ ] నాస్, స్విచ్, సర్వర్ మూడూ యూపీఎస్ మీద ఉన్నాయి
- [ ] విడి యూజర్, విడి షేర్ తయారయ్యాయి

## 4. దారి క: 2008, 2008 ఆర్2లో షేర్డ్ ఫోల్డర్

### 4.1 తలుపు తెరిచి ఉందా

కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ 192.168.1.50 కొట్టండి. జవాబు వస్తే దారి ఉందని అర్థం, తలుపు తెరిచి ఉందని కాదు. తలుపు కోసం టెల్‌నెట్ 192.168.1.50 445 కొట్టండి. తెర నల్లగా ఖాళీ అయిపోతే పోర్ట్ తెరిచే ఉంది. కనెక్ట్ కాలేదని వస్తే నాస్‌లో ఎస్ఎంబీ సర్వీస్ ఆపి ఉందో, మధ్యలో ఫైర్‌వాల్ అడ్డుందో చూడాలి. 2008లో టెల్‌నెట్ ముందే ఉండదు, సర్వర్ మేనేజర్‌లో ఫీచర్స్ నుంచి కలుపుకోవాలి.

### 4.2 చేత్తో తెరిచి చూడండి

రన్‌లో \\192.168.1.50 అని కొట్టండి. ముందు పేరుతో కాకుండా అడ్రస్‌తోనే ప్రయత్నించండి. అడ్రస్‌తో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే సమస్య పేరు వెతకడంలో ఉందని తేలిపోతుంది.

యూజర్ పేరు అడిగినచోట నాస్ పేరు, వెనక్కి వంగిన గీత, యూజర్ పేరు ఈ వరసలో ఇవ్వండి. ఉత్త యూజర్ పేరు ఇస్తే ఒక్కోసారి సర్వర్ తన పేరునో డొమైన్ పేరునో ముందు తగిలించి పంపుతుంది. నాస్‌కి ఆ మనిషి ఎవరో తెలియదు.

### 4.3 రాయడం, చెరపడం రెండూ చూడండి

ఫోల్డర్ తెరుచుకోగానే పని అయిపోయిందనుకోకండి. ఒక టెక్స్ట్ ఫైలు పెట్టండి, పేరు మార్చండి, చెరపండి. తర్వాత 4 జీబీ దాటిన ఒక ఫైలు కాపీ చేయండి. చదవడానికి మాత్రమే హక్కు ఉన్న షేర్ కూడా మొదట చూడ్డానికి అచ్చం ఇలాగే తెరుచుకుంటుంది.

### 4.4 డ్రైవ్ అక్షరం మీకు మాత్రమే, సర్వీసులకి కాదు

షేర్‌ని జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసుకోవచ్చు. కానీ ఆ జెడ్ మీరు లాగిన్ అయిన సెషన్‌కి మాత్రమే సొంతం. మీరు లాగాఫ్ అయ్యాక రాత్రి నడిచే బ్యాకప్‌కి, వెనకాల నడిచే డేటాబేస్ సర్వీస్‌కి ఆ డ్రైవ్ ఉన్నట్టే తెలియదు.

ఒక ధాన్యం మిల్లు ఆఫీసులో నేను చూసింది ఇదే. రాత్రి పదకొండుకి నడిచే పని, పగలు అకౌంటెంట్ చేత్తో నడిపితే చక్కగా అయ్యేది. ఆయన రోజూ ఒకసారి నడిపి చూసి, రాత్రీ అవుతోందనే నమ్మకంతో ఉన్నారు. నాస్‌లో ఫోల్డర్ తెరిచి ఫైళ్ల టైమ్ చూపించాను. అన్నీ పగటి టైములే, రాత్రి పదకొండుది ఒక్కటీ లేదు. ఆయన సెలవు పెట్టిన రోజుల్లో అసలు బ్యాకప్పే లేదు. జెడ్ అన్నచోట పూర్తి దారి రాసి, పని ఎవరి పేరుతో నడవాలో మార్చాక ఆ రాత్రే పదకొండు గంటల ఫైలు వచ్చింది.

చేయాల్సింది ఇది:

1. బ్యాచ్ ఫైల్లోనూ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లోనూ డ్రైవ్ అక్షరం తీసేసి \\192.168.1.50\బ్యాకప్ లాంటి పూర్తి దారి ఇవ్వండి.
2. నాస్‌లో తయారుచేసిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ తూచా తప్పకుండా అవే పెట్టి సర్వర్‌లోనూ ఒక లోకల్ యూజర్‌ని చేయండి.
3. టాస్క్ షెడ్యూలర్‌లో ఆ పనిని ఈ యూజర్ పేరుతో, లాగిన్ అయి ఉన్నా లేకున్నా నడిచేలా పెట్టండి.
4. సర్వర్‌లో ఆ యూజర్‌కి లాగాన్ యాజ్ ఎ బ్యాచ్ జాబ్ హక్కు ఉందో లేదో చూడండి.

రెండువైపులా పేరు, పాస్‌వర్డ్ ఒకటే అయితే సర్వర్ వేరే అడగకుండా అవే పంపుతుంది, నాస్ ఒప్పుకుంటుంది. లోకల్ సిస్టమ్ పేరుతో నడిచే సర్వీసులకి ఈ వెసులుబాటు లేదు. డొమైన్ లేని ఆఫీసులో అవి నాస్ దగ్గరికి పేరు లేని మనిషిలా వెళ్తాయి, నాస్ వెనక్కి పంపేస్తుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్యాకప్‌ని నేరుగా నాస్‌కి రాయించేటప్పుడూ ఇదే సూత్రం. హక్కు ఉండాల్సింది మీ లాగిన్‌కి కాదు, ఎస్‌క్యూఎల్ సర్వీస్ ఎవరి పేరుతో నడుస్తోందో ఆ పేరుకి.

## 5. దారి చ: ఐస్కజీ, 2003 వాళ్లకి మంచి దారి

### 5.1 నాస్ వైపు

1. నాస్‌లో ఒక ఎల్‌యూఎన్, అంటే డిస్కు ముక్క, తయారుచేయండి. జాగా మొత్తం ముందే కేటాయించే రకం ఎంచుకోండి. అవసరం కొద్దీ పెరిగే రకంలో నాస్ నిండిపోతే సర్వర్‌కి తెలియకుండానే రాత ఆగిపోతుంది.
2. సెక్టార్ సైజు అడిగితే 512 బైట్లు ఇవ్వండి. 4 కేబీ సెక్టార్లు 2003కి అర్థం కావు.
3. టార్గెట్, అంటే సర్వర్ వచ్చి కలిసే చోటు, తయారుచేసి ఆ ఎల్‌యూఎన్‌ని దానికి తగిలించండి.
4. చాప్ అనే పాస్‌వర్డ్ తనిఖీ ఆన్ చేయండి. ఈ పాస్‌వర్డ్ 12 నుంచి 16 అక్షరాల మధ్యే ఉండాలి. 8 అక్షరాలు పెట్టి గంటలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. నాస్ ఒప్పుకున్నా మైక్రోసాఫ్ట్ ఇనిషియేటర్ (సర్వర్‌ని టార్గెట్‌కి కలిపే సాఫ్ట్‌వేర్) ఒప్పుకోదు.
5. ఈ టార్గెట్‌ని ఒక్క సర్వర్‌కే కనిపించేలా పెట్టండి. సర్వర్ ఇనిషియేటర్ పేరుని కాపీ చేసి నాస్‌లో అనుమతుల జాబితాలో చేర్చండి.

ఒకే ఎల్‌యూఎన్‌ని రెండు మామూలు సర్వర్లకి ఎప్పుడూ ఇవ్వకండి. ఎవరు ఎక్కడ రాస్తున్నారో ఒకరికొకరు తెలియక ఫైల్ సిస్టమ్ మొత్తం పాడవుతుంది. ఫోల్డర్ పంచుకున్నట్టు డిస్కుని పంచుకోలేం.

### 5.2 సర్వర్ వైపు

2008లో ఇనిషియేటర్ ముందే ఉంటుంది, అడ్మినిస్ట్రేటివ్ టూల్స్‌లో చూడండి. 2003కి మైక్రోసాఫ్ట్ ఐస్కజీ సాఫ్ట్‌వేర్ ఇనిషియేటర్ 2.08 విడిగా వేయాలి. ఎక్కడినుంచి తెచ్చుకున్నా, ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సంతకం మైక్రోసాఫ్ట్ పేరుతో ఉంటేనే వేయండి.

1. డిస్కవరీ ట్యాబ్‌లో నాస్ అడ్రస్ ఇవ్వండి, పోర్ట్ 3260.
2. టార్గెట్స్ ట్యాబ్‌లో మీ టార్గెట్ కనిపిస్తుంది. ఎంచుకుని లాగాన్ నొక్కండి. 2008 ఆర్2లో ఈ బటన్ పేరు కనెక్ట్.
3. సిస్టమ్ బూట్ అయినప్పుడు తిరిగి కలపమనే టిక్ తప్పకుండా పెట్టండి.
4. అడ్వాన్స్‌డ్‌లో చాప్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి.
5. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కొత్త డిస్కు కనిపిస్తుంది. పార్టిషన్ల జాబితా రాసే పద్ధతులు రెండు, పాతది ఎంబీఆర్, పెద్ద డిస్కులకి జీపీటీ. 2 టీబీ దాటితే జీపీటీగా ఇనిషియలైజ్ చేయాలి, 2003లో దీనికి సర్వీస్ ప్యాక్ 1 అయినా ఉండాలి.
6. పార్టిషన్ చేసి ఎన్‌టీఎఫ్ఎస్‌తో ఫార్మాట్ చేయండి.
7. బౌండ్ వాల్యూమ్స్ ట్యాబ్‌లో బైండ్ ఆల్ నొక్కండి. 2008 నుంచి ఇది వాల్యూమ్స్ అండ్ డివైసెస్ ట్యాబ్‌లో ఆటో కాన్ఫిగర్.

ఆరో మెట్టు దగ్గర 2003 వాళ్లు ఒక్క నిమిషం ఆగండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఆర్ పార్టిషన్ చేస్తే అది 63వ సెక్టార్ నుంచి మొదలవుతుంది. నాస్ తన డిస్కులన్నిటినీ కలిపి (దీన్నే రెయిడ్ అంటారు) డేటాని గళ్లుగా రాస్తుంది, ఆ గళ్లకి ఇది కుదరదు. సర్వర్ ఒక ముక్క రాసినప్పుడు నాస్ రెండు గళ్లు ముట్టుకోవాల్సి వస్తుంది, స్పీడ్ పడిపోతుంది. అందుకని డిస్క్‌పార్ట్ కమాండ్‌లో సెలెక్ట్ డిస్క్‌తో కొత్త డిస్కుని ఎంచుకుని, క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ అలైన్=64 అని కొట్టండి. సర్వీస్ ప్యాక్ 1 నుంచి ఇది పనిచేస్తుంది. డేటా నింపాక మార్చడం కుదరదు, మొదటి రోజే చేసుకోవాలి. 2008 నుంచి విండోస్ దీన్ని తనే చూసుకుంటుంది.

### 5.3 రీస్టార్ట్ తర్వాత షేర్లు మాయమైతే

ఐస్కజీ డిస్కులోని ఫోల్డర్‌ని సర్వర్ నుంచి మళ్లీ ఆఫీసుకి షేర్ చేస్తే, రీస్టార్ట్ అయ్యాక ఆ షేర్లు కనిపించకపోవచ్చు. డిస్కు ఇంకా కలవకముందే షేర్లు ఇచ్చే సర్వీస్ లేచి, ఫోల్డర్ లేదనుకుని షేర్‌ని వదిలేస్తుంది.

మందు: ఎస్‌సీ కాన్ఫిగ్ ల్యాన్‌మ్యాన్‌సర్వర్ డిపెండ్= ఎంఎస్ఐస్కజీ. సమానం గుర్తు తర్వాత ఒక ఖాళీ ఉండాలి. ఈ కమాండ్ పాత జాబితాని చెరిపేసి కొత్తది రాస్తుంది. కాబట్టి ముందు సర్వీసెస్‌లో సర్వర్ అనే సర్వీస్ తెరిచి, డిపెండెన్సీస్‌లో ఏవైనా ఉంటే వాటినీ మధ్యలో స్లాష్ గుర్తు పెట్టి కలిపి ఇవ్వండి.

### 5.4 ఆపే వరస, పెట్టే వరస

ఆపేటప్పుడు ముందు సర్వర్, తర్వాత నాస్. పెట్టేటప్పుడు ముందు నాస్, అది పూర్తిగా లేచాక సర్వర్. దీన్ని కాగితం మీద రాసి నాస్‌కి అతికించండి. మీరు ఊళ్లో లేనప్పుడు కరెంటు పోతే ఆఫీస్ బాయ్ చూసేది ఆ కాగితమే.

సర్వర్‌కి రెండో నెట్‌వర్క్ పోర్ట్ ఉంటే దాన్ని నాస్ రెండో పోర్ట్‌కి నేరుగా కేబుల్‌తో కలపడం ఇంకా మంచిది. 10.10.10.1, 10.10.10.2 లాంటి విడి అడ్రసులు ఇచ్చి, గేట్‌వే ఖాళీగా వదిలేయండి. స్విచ్ పాడైనా ఈ దారి నడుస్తుంది.

## 6. దారి ట: ఎస్ఎంబీ1 తప్పకపోతే

2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ప్రపంచమంతా పాకింది ఈ ఎస్ఎంబీ1 లోపం మీదుగానే. అప్పటికి సర్వర్ 2003కి సపోర్ట్ ఆగిపోయి దాదాపు రెండేళ్లు, 2015 జులై 14న ఆగింది. అయినా మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా 2003కీ ప్యాచ్ ఇచ్చింది. మీ సర్వర్‌లో ఆ ప్యాచ్, కేబీ4012598, ఉందో లేదో యాడ్ ఆర్ రిమూవ్ ప్రోగ్రామ్స్‌లో షో అప్‌డేట్స్ టిక్ పెట్టి చూడండి. లేకపోతే ముందు అది వేసి, ఆ తర్వాతే మిగతా మాట.

నాస్‌లో కనీస ఎస్ఎంబీ తరం అనే సెట్టింగ్ ఒక్క షేర్‌కి కాదు, నాస్ మొత్తానికి వర్తిస్తుంది. సైనాలజీ కంపెనీ నాస్‌లో ఫైల్ సర్వీసెస్, ఎస్ఎంబీ, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోనూ, క్యూనాప్ కంపెనీ నాస్‌లో మైక్రోసాఫ్ట్ నెట్‌వర్కింగ్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోనూ అది కనిపిస్తుంది. దాన్ని 1కి దించితే అకౌంట్స్ ఫోల్డర్, స్కాన్ కాపీలు, అన్నీ ఆ పాత దారిలోకే వస్తాయి. అందుకే నా షరతులు ఇవి:

- [ ] ఎస్ఎంబీ1 కోసం విడిగా ఒక చిన్న నాస్, అందులో ఈ సర్వర్ ఫైళ్లు తప్ప ఇంకేమీ లేవు
- [ ] ఆ నాస్ ఫైర్‌వాల్‌లో సర్వర్ అడ్రస్‌కీ, నిజంగా అవసరమైన ఒకటి రెండు కంప్యూటర్లకీ మాత్రమే అనుమతి
- [ ] నాస్‌కీ సర్వర్‌కీ ఇంటర్నెట్ లేదు, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ లేదు
- [ ] అతిథి లాగిన్ ఆపేశాం
- [ ] ఆ నాస్ డేటా ఇంకోచోటికి రోజూ కాపీ అవుతోంది

### 6.1 పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది, అయినా తప్పంటోంది

2003 వాళ్లని ఎక్కువ ఏడిపించేది ఇదే. పాస్‌వర్డ్ నాలుగుసార్లు మార్చి చూస్తారు. లోపం అందులో ఉండదు.

2003 మామూలుగా పాస్‌వర్డ్ రుజువుని పాత ఎన్‌టీఎల్‌ఎం పద్ధతిలో పంపుతుంది. నాస్‌లోని సాంబా 2016లో వచ్చిన 4.5 నుంచి ఆ పద్ధతిని మామూలుగా తీసుకోదు, దాని రెండో రూపమే కావాలంటుంది. చాలామంది నాస్‌లోకి వెళ్లి పాత పద్ధతిని అనుమతిస్తారు. అది తప్పు దారి. 2003కి రెండో రూపం వచ్చు, వాడమని మనం చెప్పలేదంతే.

1. అడ్మినిస్ట్రేటివ్ టూల్స్‌లో లోకల్ సెక్యూరిటీ పాలసీ తెరవండి.
2. లోకల్ పాలసీస్, సెక్యూరిటీ ఆప్షన్స్‌కి వెళ్లండి.
3. నెట్‌వర్క్ సెక్యూరిటీ: ల్యాన్ మేనేజర్ ఆథెంటికేషన్ లెవెల్ తెరవండి.
4. సెండ్ ఎన్‌టీఎల్‌ఎంవీ2 రెస్పాన్స్ ఓన్లీ అన్నది ఎంచుకోండి.
5. రీస్టార్ట్ చేయండి.

దాని కింద రిఫ్యూజ్ అనే మాట ఉన్న రెండు వరసలుంటాయి. అవి ఎంచుకోకండి. అవి సర్వర్ దగ్గరికి వచ్చే పాత కంప్యూటర్లని కూడా అడ్డుకోగలవు. సర్వర్ డొమైన్ కంట్రోలర్ అయితే ఈ మార్పు డొమైన్ కంట్రోలర్ సెక్యూరిటీ పాలసీలో చేయాలి.

## 7. రాత్రి బ్యాకప్ పెట్టేటప్పుడు

ఫోల్డర్లకి ఫోల్డర్లు కాపీ చేసే రోబోకాపీ కమాండ్ 2008లో ముందే ఉంది, 2003కి రిసోర్స్ కిట్ టూల్స్‌లో వస్తుంది. వాడేటప్పుడు మూడు సంగతులు.

అందులో మిర్ అనే స్విచ్ ఇక్కడ లేని ఫైలుని అక్కడా చెరిపేస్తుంది. సర్వర్‌లో పొరపాటున ఫోల్డర్ ఖాళీ అయితే రాత్రికి నాస్‌లోనూ ఖాళీ అవుతుంది. స్నాప్‌షాట్లు లేకుండా దీన్ని వాడకండి.

మారని ఫైళ్లు కూడా రోజూ మళ్లీ కాపీ అవుతుంటే ఎఫ్ఎఫ్‌టీ స్విచ్ కలపండి. రెండువైపులా ఫైలు టైమ్ రాసే పద్ధతిలో చిన్న తేడా ఉండటం వల్ల అలా జరుగుతుంది. ఈ స్విచ్ 2 సెకన్ల తేడాని పట్టించుకోదు.

ముగింపు కోడ్ 0 కాకపోతే తప్పనుకోకండి. 8 కంటే తక్కువ వస్తే కాపీ సవ్యంగా అయినట్టే. 8, ఆపైన వస్తే కొన్ని ఫైళ్లు వెళ్లలేదని అర్థం.

2008లోని విండోస్ సర్వర్ బ్యాకప్‌ని షేర్డ్ ఫోల్డర్‌కి పెడితే అక్కడ ఒక్క ప్రతే ఉంటుంది, కొత్తది పాతదాని మీద రాసేస్తుంది. వారంలో రోజుకో ప్రతి కావాలంటే ఏడు ఫోల్డర్లు, ఏడు పనులు పెట్టుకోవాలి.

తెరిచి ఉన్న డేటాబేస్ ఫైళ్లని మామూలు కాపీ పట్టుకోలేదు, పట్టుకున్నా అది సగం రాసిన ఫైలై ఉండొచ్చు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బ్యాకప్ ఆప్షన్‌తో ముందు సర్వర్‌లోనే ఒక ఫైలు తీయించి, ఆ ఫైలుని నాస్‌కి పంపండి.

## 8. ఎర్రర్ నంబర్ చూసి మందు

నెట్ యూజ్ కమాండ్‌తో కలిపితే నంబర్ కనిపిస్తుంది. తెర మీద చిన్న విండోలో వచ్చే సందేశం కంటే ఇది నయం.

- 53: అడ్రస్ దొరకలేదు, లేదా 445 పోర్ట్ మూసి ఉంది. 4.1 మళ్లీ చేయండి.
- 67: నాస్ దొరికింది, షేర్ పేరు తప్పు. అక్షరాలు, ఖాళీలు చూడండి.
- 5: లోపలికి రానిచ్చింది, ఆ ఫోల్డర్ మీద హక్కు లేదు. నాస్‌లో షేర్ హక్కులూ ఫోల్డర్ హక్కులూ రెండూ చూడండి.
- 86, 1326: పేరో పాస్‌వర్డో తప్పు. 2003 అయితే ముందు 6.1 చూడండి.
- 1219: ఒకే నాస్‌కి రెండు పేర్లతో వెళ్లాలని చూశారు. నెట్ యూజ్ నక్షత్రం గుర్తు, స్లాష్ డిలీట్ కొట్టి అన్నీ తీసేసి ఒక్క పేరుతో కలపండి. ఆ సమయంలో ఎవరి కాపీ నడవకుండా చూసుకోండి.
- 64: కలిసి ఉన్నది మధ్యలో తెగింది. పెద్ద ఫైళ్లప్పుడే వస్తుంటే కేబుల్, డూప్లెక్స్ చూడండి. 2003లో కలపబోయినప్పుడే వస్తే నాస్‌లో ఎస్ఎంబీ1 మూసి ఉందేమో చూడండి.

## 9. పాత లినక్స్ సర్వర్ అయితే

సెంట్‌ఓఎస్ 5, 6 లాంటి పాత లినక్స్‌లకి ఎన్ఎఫ్ఎస్ 3, అంటే లినక్స్‌లో ఫోల్డర్లు పంచుకునే పద్ధతి, తేలిక. నాస్‌లో ఎన్ఎఫ్ఎస్ ఆన్ చేసి, ఆ షేర్‌ని సర్వర్ ఐపీ అడ్రస్‌కి మాత్రమే ఇవ్వండి. ఎన్ఎఫ్ఎస్ 3 హక్కుల్ని యూజర్ పేరుతో కాకుండా నంబర్‌తో చూస్తుంది. సర్వర్‌లో 500 నంబర్ ఉన్న యూజర్ నాస్‌లో ఇంకెవరో కావచ్చు. హక్కులు లేవని వస్తే ముందు ఈ నంబర్లే పోల్చండి.

బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు, షేర్లు కలపాలో ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో రాసేటప్పుడు అండర్‌స్కోర్ నెట్‌డెవ్ ఆప్షన్ కలపండి. లేకపోతే నెట్‌వర్క్ లేవకముందే మౌంట్ చేయబోయి బూట్ ఆగిపోవచ్చు.

## 10. అప్పగించే ముందు

- [ ] సర్వర్‌ని ఒకసారి, నాస్‌ని ఒకసారి రీస్టార్ట్ చేసి చూశాను, ఎవరూ ముట్టుకోకుండా కలిశాయి
- [ ] లాగాఫ్ అయి ఉన్నప్పుడు రాత్రి పని నడిచింది, ఫైలు టైమ్ చూశాను
- [ ] నాస్ 80 శాతం నిండితే మెయిల్ వచ్చేలా పెట్టాను
- [ ] యూజర్ పేరు, టార్గెట్ పేరు, అడ్రసులు ఒక పుస్తకంలో రాసి యజమానికి ఇచ్చాను, పాస్‌వర్డులు మూసిన కవర్లో ఇచ్చాను
- [ ] బ్యాకప్ నుంచి ఒక ఫైలు తిరిగి తీశాను

ఆఖరి గడిని ఊరికే టిక్ పెట్టకండి. నిన్న రాత్రి బ్యాకప్‌ని సర్వర్ కాని వేరే కంప్యూటర్‌లోకి తీసి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిపించండి. నిన్నటి చివరి బిల్లు నంబర్ ఎంతో అకౌంటెంట్‌ని అడిగి, తెర మీద అదే నంబర్ ఉందో లేదో ఆయన పక్కన కూర్చుని చూడండి. ఉంటే ఆ తేదీ పుస్తకంలో రాసి, మళ్లీ మూడు నెలలకి ఇదే పరీక్ష పెట్టుకోండి.